త్రిశంకుణ్ని తోసిందెవరు?

పరాయి దేశాల్లో బతుకుతున్న మనవాళ్ల గురించి ఎప్పటినుంచో ఒకే మాట చెప్పుకుంటున్నాం: వాళ్లు రెండు సంస్కృతుల మధ్య నలిగిపోతున్నారని. ఇంట్లో ఒక లోకం, గడప దాటితే ఇంకో లోకం. పిల్లలు ఇటు తెలుగువాళ్లూ కాలేక, అటు అమెరికన్లూ కాలేక సతమతమవుతున్నారని. ప్రవాస కథల్లో చాలావాటికి ఇదే ఇతివృత్తం. సభల్లో ముఖ్య అతిథి ఉపన్యాసం ఇక్కడే మొదలవుతుంది. వారపత్రికల్లో మానసిక నిపుణుల సలహాలు ఇక్కడికే వచ్చి ఆగుతాయి. పరిష్కారం కూడా అందరికీ కంఠతా వచ్చు: పిల్లలకు తెలుగు నేర్పండి, పండగలు చెయ్యండి, కూచిపూడిలో చేర్పించండి, వేసవి సెలవుల్లో ఊరికి తీసుకురండి, మూలాలు మరవనివ్వకండి.

ఈ అవగాహన తప్పు. దీనివల్ల హాని కూడా జరుగుతోంది. మనిషిని సమాజం అంచుకు వీసా షరతులు నెడతాయి, పౌరసత్వ చట్టాలు నెడతాయి, యజమాని బీరువాలో ఉండిపోయిన పాస్‌పోర్టు నెడుతుంది, కులం నెడుతుంది. వీటన్నిటికీ పేర్లున్నాయి, తేదీలున్నాయి, సంతకాలు చేసినవాళ్లున్నారు. వాటిని పక్కన పెట్టి ‘సాంస్కృతిక సంఘర్షణ’ అనేసరికి నేరం ఎవరిదీ కాకుండా పోతుంది. బాధపడేవాడి మనసే దోషిగా మిగులుతుంది.

ఈ స్థితికి మనవాళ్లు పెట్టుకున్న పేరు త్రిశంకు స్వర్గం. ఆ కథనైనా సరిగ్గా గుర్తు చేసుకుందాం. బాలకాండలో త్రిశంకుడికి తాను ఎక్కడికి వెళ్లాలన్న విషయంలో ఏ సందిగ్ధమూ లేదు. బొందితో స్వర్గానికి వెళ్లాలనుకున్నాడు. వసిష్ఠుడు కుదరదన్నాడు. వసిష్ఠుడి కొడుకులు చండాలుడివి కమ్మని శపించారు. విశ్వామిత్రుడు తన తపోబలంతో పైకి పంపితే ఇంద్రుడు కిందికి తోసేశాడు. తలకిందులుగా వేలాడే గతి అతనికి మనసులో గందరగోళం వల్ల పట్టలేదు, స్వర్గానికి కాపలా ఉన్నవాడు రానివ్వకపోవడం వల్ల పట్టింది. కథ చెప్పుకునేటప్పుడు మనం వేలాడేవాడి మీద జాలిపడతాం, తోసినవాణ్ని మరిచిపోతాం. ప్రవాసుల విషయంలోనూ సరిగ్గా అదే చేస్తున్నాం.

డాలస్ శివార్లలో నాకు బాగా తెలిసిన ఇల్లొకటి ఉంది. అక్క హైదరాబాద్‌లో పుట్టింది, మూడేళ్ల వయసులో తల్లిదండ్రులతో వెళ్లింది. తమ్ముడు అక్కడే పుట్టాడు. ఒకే వంటిల్లు, ఒకే పప్పుచారు, ఒకే బడి బస్సు. అక్కకు తెలుగు చక్కగా వచ్చు; నాయనమ్మ దగ్గర కూర్చుని పోతన పద్యాలు నేర్చుకుంది, ఉత్తరం కూడా రాయగలదు. తమ్ముడికి నాలుగు ముక్కలు మాట్లాడేసరికి చెమటలు పడతాయి. రెండు సంస్కృతుల సిద్ధాంతమే నిజమైతే ఎటూ కాకుండా పోవాల్సింది తమ్ముడు. జరిగింది వేరు. అమెరికా పాస్‌పోర్టు తమ్ముడి సొరుగులో ఉంది. అక్క మాత్రం తండ్రి హెచ్-1బీ మీద ఆధారపడే హెచ్-4 వీసాతో పెరిగింది, ఇరవై ఒకటో పుట్టినరోజుతో ఆ హోదా పోయింది. తాను చదివిన బడి, తాను ఓనమాలు దిద్దిన ఊరు అన్నీ అక్కడే ఉన్నా, విదేశాల నుంచి కొత్తగా వచ్చిన విద్యార్థి లెక్కన వీసా తీసుకుని, విదేశీ విద్యార్థి ఫీజు కట్టి చదువుకుంటోంది. ఇంట్లో అందరికంటే నిక్కచ్చిగా రెండు భాషలూ వచ్చిన పిల్లకే నిలువ నీడ లేకుండా పోయింది.

ఆమె తండ్రి దగ్గర నీలం రంగు ఫైలు ఒకటుంది. అందులో ఆమోదం పొందిన గ్రీన్‌కార్డు పిటిషన్ ఉంది, దాని మీద వరుసలో ఆయన స్థానాన్ని చెప్పే తేదీ ఉంది. నెల నెలా అమెరికా విదేశాంగ శాఖ వీసా బులెటిన్ విడుదల చేస్తుంది. ఆ రోజు ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఉద్యోగాల కోటాలో ఏడాదికి ఇచ్చే గ్రీన్‌కార్డులు దాదాపు 1,40,000. ఉద్యోగితోపాటు భార్యాపిల్లలూ ఆ లెక్కలోకే వస్తారు. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ మొత్తంలో 7 శాతానికి మించి ఇవ్వకూడదన్నది నియమం. ఐస్‌లాండుకూ అదే పరిమితి, భారతదేశానికీ అదే పరిమితి. 2025 వేసవిలో భారతీయులకు ఉద్యోగ కోటాలోని ఈబీ-2 తరగతిలో వంతు వచ్చిన తేదీ 2013 జనవరి 1. అంటే అప్పటికి పన్నెండేళ్ల ముందు వరుసలో నిలబడినవాళ్ల వంతు అప్పుడు వచ్చింది. ఆ వరుస ఆమె కోసం ఆగదు, ఆమె వయసు వరుస కోసం ఆగదు. 2012లో ఒబామా ప్రభుత్వం చిన్ననాడే వచ్చిన పిల్లలకు రక్షణగా తెచ్చిన డాకా పథకం కూడా ఇలాంటివాళ్లకు పనికిరాదు. అది చట్టబద్ధమైన హోదా లేనివాళ్ల కోసం పెట్టింది. ఈ పిల్లకు తెలుగు నేర్పే ఏ మనబడి ఏం చెయ్యగలదు? ఏ పద్యం నేర్పితే ఆమె తేదీ ముందుకు జరుగుతుంది?

‘అంచున నిలిచిన మనిషి’ అన్న భావన ఎక్కడ పుట్టిందో చూస్తే ఈ పొరపాటు మొదట్నుంచీ ఎలా వస్తోందో అర్థమవుతుంది. 1928లో షికాగో సమాజశాస్త్రవేత్త రాబర్ట్ పార్క్ ఈ మనిషి గురించి ప్రసిద్ధమైన వ్యాసం రాశాడు. రెండు సంస్కృతులు ఒకే మనసులో కలిసి కొట్లాడుకుంటాయని, ఆ అలజడే అతని స్వభావం అవుతుందని సారాంశం. ఎవరెట్ స్టోన్‌క్విస్ట్ 1937లో దాన్ని పూర్తి పుస్తకంగా విస్తరించాడు. పార్క్‌కు న్యాయం చెయ్యాలి: ఆయన ఈ మనిషిని చిన్నచూపు చూడలేదు, అతనికి చూపు విశాలంగా ఉంటుందన్నాడు. ఈ రోజు ‘విశ్వపౌరుడు’ అని చప్పట్లు కొట్టేవాళ్లూ, ‘ఎటూ కానివాడు’ అని కన్నీళ్లు పెట్టేవాళ్లూ ఇద్దరూ అక్కణ్నుంచే వచ్చారు. ఇద్దరి దృష్టీ మనిషి లోపలే ఉంటుంది. బయట గేటు ఎవరు మూశారో ఇద్దరూ అడగరు.

అదే 1928లో, అదే దేశంలో వైష్ణో దాస్ బగాయ్ చనిపోయాడు. పెషావర్ నుంచి 1915లో భార్య కళతో, ముగ్గురు కొడుకులతో శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లినవాడు. సూటూ బూటూ వేసుకునేవాడు, చక్కని ఇంగ్లిష్ మాట్లాడేవాడు, సొంత దుకాణం నడిపేవాడు. బ్రిటిష్ పాలన మీద వ్యతిరేకతతో బ్రిటిష్ ప్రజ అన్న హోదాను వదులుకుని 1921లో అమెరికా పౌరుడయ్యాడు. బర్క్‌లీలో ఇల్లు కొనుక్కుని సామాన్లతో వెళ్తే ఇరుగుపొరుగువాళ్లు ఇంటికి తాళాలు బిగించి లోపలికి పోనివ్వలేదు. అయినా తట్టుకున్నాడు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, భారతీయులు తెల్లవాళ్లు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. ఆ తీర్పుతో బగాయ్ పౌరసత్వం రద్దయింది. అప్పటి కాలిఫోర్నియా భూచట్టం పౌరసత్వానికి అర్హత లేని విదేశీయుల పేరిట ఆస్తి ఉండనిచ్చేది కాదు. ఇల్లూ దుకాణం పోయాయి. స్వదేశం వెళ్లి బంధువుల్ని చూసి వద్దామంటే అమెరికా పాస్‌పోర్టు ఇవ్వలేదు, బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకోమంది. ఏ ప్రభుత్వాన్ని కాదనుకుని వచ్చాడో దాని దగ్గరికే వెళ్లి చెయ్యి చాచమన్నారు. ఆయన ప్రాణం తీసుకున్నాడు. పత్రికకు రాసిన ఉత్తరంలో తనను ఈ స్థితికి తెచ్చింది ప్రభుత్వమేనని స్పష్టంగా చెప్పాడు. తన లోపల రెండు సంస్కృతులు కొట్లాడుకుంటున్నాయని ఆయన చెప్పుకోలేదు. వాళ్లు కోరినదంతా ఆయన అయ్యాడు, అన్నీ అయ్యాక గేటు మూశారు. సిద్ధాంతం చెప్పినవాడూ, దాన్ని తన చావుతో ఖండించినవాడూ ఒకే ఏడాది ఒకే దేశంలో ఉన్నారు. మనం సిద్ధాంతాన్ని నిలుపుకున్నాం, బగాయ్‌ని మరిచిపోయాం.

ఇక గల్ఫ్ సంగతి. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని ఉత్తర తెలంగాణలో బతుకుదెరువుకు మూడు దారులు చెబుతారు. జగిత్యాల వైపు ఒక పల్లెలో, చాలాకాలం సౌదీలో మేస్త్రీగా చేసి వచ్చిన పెద్దాయన్ని, అక్కడి పద్ధతులతో, భాషతో ఇబ్బంది పడ్డారా అని అడిగాను. "భాషతోని ఏం తక్లీఫ్ లేదు సార్. అరబ్బీ ఆర్నెల్లల్ల వచ్చింది. పాకిస్తానోడు రొట్టె జేస్తే మేం కూరండేటోళ్లం. అకామా దీరిందంటెనే గుండె దడ" అన్నాడు. అకామా అంటే అక్కడి నివాస అనుమతి. ఒకే గదిలో నేపాలీ, మలయాళీ, బంగ్లాదేశీ, పాకిస్తానీలతో ఏళ్లకేళ్లు సర్దుకుని బతికిన మనిషి ఆయన. సంస్కృతుల మధ్య వారధి కట్టడం గురించి విశ్వవిద్యాలయాల్లో సదస్సులు పెడతారు. ఆయన దాన్ని మంచాల మధ్య జాగాలో చేసి చూపించాడు. అంత చేసినా అంచునే ఉన్నాడు. కారణం కఫాలా. ఆయన ఉన్న రోజుల్లో అక్కడ ఉండే హక్కు కఫీల్‌కు, అంటే పూచీ ఉన్న యజమానికి కట్టేసి ఉండేది. ఉద్యోగం నచ్చక బయటికొస్తే, జీతం ఇవ్వలేదని గొడవ పడితే, యజమాని వెళ్లి ‘హురూబ్’ పెట్టేవాడు, అంటే పారిపోయాడని నమోదు చేయించేవాడు. నిన్నటిదాకా పనోడు, ఇవాళ ‘కల్లివెల్లి’, అంటే కాగితాల్లేనివాడు. ఇక క్షమాభిక్ష ఎప్పుడు ప్రకటిస్తారా, దేశం వదిలి రావడానికి ఔట్‌పాస్ ఎప్పుడు దొరుకుతుందా అని ఎదురుచూడటమే.

కడప, రాయచోటి, కోనసీమల నుంచి కువైట్ వెళ్లిన ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. ఖాదిమ్ వీసా మీద, అంటే ఇంటి పనికి వెళ్లిన మనిషి ఆ ఇంటి వంట నేర్చుకుంటుంది, ఆ ఇంటి పిల్లల్ని వాళ్ల భాషలోనే పెంచుతుంది, ఇక్కడి తన పిల్లల్ని వీడియో కాల్లో పెంచుతుంది. రెండు సంస్కృతుల్లో ఒకేసారి బతకడమంటే ఇంతకంటే ఏముంది? అయినా ఆమె ‘అస్తిత్వ సంక్షోభం’ గురించి మన పత్రికలు ప్రత్యేక సంచికలు వెయ్యవు. తిండికి లోటు లేనివాళ్లకు మాత్రమే సంస్కృతి సమస్య ఉంటుందని, మిగతావాళ్లకు ఉండేది ‘కూలి సమస్య’ అని మనకు తెలియకుండానే పంచేసుకున్నాం. గల్ఫ్‌లోనే ఖతార్ 2020లో యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారవచ్చని చట్టం సవరించింది. అమల్లో లోపాలెన్నో ఉన్నాయి, కానీ ఆ సవరణకు ముందూ తర్వాతా అక్కడి కార్మికుడి భాష ఒకటే, దేవుడు ఒకడే. మారింది చట్టం. మారిన మేరకు అతను ఒక అడుగు లోపలికి వచ్చాడు.

మన మధ్యే ఉన్న బార్కస్‌ను చూడండి. నిజాం కొలువులో సైనికులుగా యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు హైదరాబాద్‌లో తరతరాలుగా ఉన్నారు. పొద్దున్నే హరీస్ తింటారు, లుంగీ కట్టుకుంటారు, ఇంట్లో దక్కనీ ఉర్దూ, బేరం దగ్గర తెలుగు. రెండు సముద్ర తీరాల బతుకు ఒకే వీధిలో కలిసిపోయి ఉంది, దానివల్ల ఎవరి మనసూ ముక్కలు కాలేదు. వాళ్ల మీద దెబ్బ పడింది 1948లో. ఆ సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాద్‌ను స్వాధీనం చేసుకున్న పోలీసు చర్య తర్వాత వేలమంది అరబ్బుల్ని నిర్బంధించారు, చాలామందిని ఏడెన్‌కు పంపేశారు. సెప్టెంబరు ముందు హైదరాబాదీలు, తర్వాత విదేశీయులు. ఆ నెలలో వాళ్ల సంస్కృతిలో వచ్చిన మార్పేమీ లేదు.

బర్మా తెలుగువాళ్ల చరిత్రా ఇంతే. కోరంగి రేవు నుంచి వెళ్లినవాళ్లు కాబట్టి అక్కడ వాళ్లను కోరంగీలన్నారు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు ఎక్కువ కూలి అడుగుతూ సమ్మె చేశారు. ఓడ కంపెనీల తరఫువాళ్లు సమ్మె విరగ్గొట్టడానికి బర్మీయుల్ని పనిలో పెట్టుకున్నారు, రాజీ కుదిరాక వాళ్లను పొమ్మన్నారు. రేవులో మొదలైన గొడవ ఊరంతా మారణహోమమైంది. చరిత్రలో అది భారతీయులకూ బర్మీయులకూ మధ్య జాతుల కొట్లాటగా నిలిచిపోయింది. ఒక కూలి తగాదా ఎంత సులువుగా సంస్కృతుల తగాదా అయిపోతుందో దీన్ని మించిన సాక్ష్యం నాకు తెలియదు. 1962 తర్వాత సైనిక ప్రభుత్వం దుకాణాలనూ వ్యాపారాలనూ జాతీయం చేసింది. తిరిగొచ్చినవాళ్ల గుర్తుగా విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు ఇప్పటికీ ఉంది. మరోపక్క మారిషస్‌లో తెలుగువాళ్లు ఎక్కువమంది ఇంట్లో క్రియోల్ మాట్లాడతారు, తెలుగు గుడికీ పండక్కీ పరిమితమైంది. అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు. భాష పల్చబడినా వాళ్లు ఆ దేశంలో అంచున లేరు, ఎందుకంటే వాళ్లు అక్కడి పౌరులు.

నా వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది. భాష పోవడం నిజమైన నష్టం కాదా? తాతయ్య ఫోన్ చేస్తే మనవడు రెండు మాటలు మాట్లాడి అమ్మకిచ్చేస్తాడు. ఆ ముసలాయన గుండెలో కలుక్కుమనదా అని. ఆ దుఃఖాన్ని తక్కువ చెయ్యను. అయితే అదే దుఃఖం కూకట్‌పల్లి అపార్టుమెంటులోనూ ఉంది, బెజవాడ కార్పొరేట్ బడి పిల్లవాడి తాతకూ ఉంది. ఆ పిల్లవాడు విమానం ఎక్కలేదు, తెలుగు చదవడం రాదు, అయినా అతన్ని ఎవరూ ఈ దేశం నుంచి పొమ్మనరు. భాష పోవడం వేరు, చోటు లేకపోవడం వేరు. రెండింటినీ ఒకే మూటలో కట్టడం వల్ల రెండోదాన్ని ఎవరూ విప్పి చూడటం లేదు.

2017 ఫిబ్రవరిలో కన్సాస్‌లోని ఓలేథ్‌లో కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపినవాడు, మా దేశం వదిలి పొమ్మని అరిచాడు. ఆ తూటాను సంస్కృతుల మధ్య నలుగుబాటు అంటామా? అంతకంటే ఘోరం తర్వాత జరిగింది. భర్త అంత్యక్రియల కోసం హైదరాబాద్ వచ్చిన సునయన దుమాల తిరిగి తన ఇంటికి వెళ్లడానికి హోదా లేకుండా పోయింది, ఎందుకంటే ఆమె వీసా భర్త మీద ఆధారపడింది, భర్తే లేడు. ఒక అమెరికా కాంగ్రెస్ సభ్యుడు పూనుకుంటే గానీ ఆమెకు తాత్కాలిక అనుమతి రాలేదు. హంతకుడిది ద్వేషం. ఆ రెండో దెబ్బ మాత్రం ఎవరి ద్వేషమూ అక్కర్లేకుండా, నిబంధన ప్రకారం పడింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ‘మన సంస్కృతి’, ‘పరాయి సంస్కృతి’ అని రెండే లెక్కపెట్టేవాళ్లు, ఇక్కడ ఉన్నదంతా ఒక్కటేనని అనుకుంటున్నారు. ఊరికీ వాడకీ మధ్య నడిచిన మనిషి పుట్టిన రోజు నుంచే రెండు లోకాల్లో బతికాడు, దానికి వీసా అక్కర్లేకపోయింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించిందంటే మన ఇళ్ల నుంచి అక్కడికి ఏం వెళ్లిందో తెలుస్తూనే ఉంది. చోటు పోవడానికి దేశం దాటక్కర్లేదు, రాష్ట్రం దాటినా చాలు. ఆంధ్రలో షెడ్యూల్డ్ తెగగా గుర్తింపున్న ఒక తెనాలి కుటుంబం ఉద్యోగరీత్యా బొంబాయి వెళ్లింది. చిన్ననాడే వెళ్లి అక్కడే చదువుకున్న కొడుకు మెడికల్ సీటు దగ్గర తెగ గుర్తింపు అడిగితే, మహారాష్ట్రలో అది చెల్లదని 1990లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కుర్రాడి తెగా పోలేదు, చరిత్రా పోలేదు. సరిహద్దు దాటేసరికి కాగితం చెల్లలేదు.

తోసేవాళ్లలో మనమూ ఉన్నాం. వేరే దేశ పౌరసత్వం తీసుకున్న క్షణాన మన పౌరసత్వ చట్టం పాతదాన్ని రద్దు చేస్తుంది. దాని బదులు ఇచ్చే ఓసీఐ కార్డుతో ఓటు వెయ్యలేరు, వ్యవసాయ భూమి కొనలేరు. పరిశోధనకూ పత్రికా రచనకూ ముందుగా అనుమతి కావాలని 2021 మార్చిలో కొత్త షరతు చేరింది. మూలాల గురించి అంతగా బోధించే దేశం, మూలాలున్న మనిషికి అద్దె ఇంటివాడి హోదా ఇస్తోంది. పదో తరగతి పాస్ కాని కూలీ పాస్‌పోర్టు మీద వలస తనిఖీ ముద్ర వేసి, గల్ఫ్ విమానం ఎక్కే ముందు అనుమతి చూపమంటుంది. దానికి మూలమైన వలస చట్టం 1983 నాటిది. రక్షణ కోసమని పెట్టిన ఆ తనిఖీని తప్పించుకోవడానికి విజిట్ వీసా మీద పంపించే ఏజెంట్లు పుట్టుకొచ్చారు, మోసపోయేది మళ్లీ ఆ కూలీయే.

అందుచేత తెలుగు సంఘాలకు, పత్రికలకు నా అభ్యర్థన ఇది. ఇరవై ఒకటి నిండిన పిల్లల్ని కాపాడే బిల్లు అమెరికా కాంగ్రెస్‌లో 2021లోనూ 2023లోనూ వచ్చి ముందుకు సాగలేదు. ఈసారి మహాసభల వేదిక మీద మంత్రిని, సినిమా నటుణ్ని కూర్చోబెట్టే ముందు సభ జరిగే ఊరి కాంగ్రెస్ సభ్యుణ్ని పిలిచి, ఆ బిల్లుకు ఓటు వేస్తారా వెయ్యరా అని జనం ముందు అడగండి. ఢిల్లీని ఇంకో మాట అడగాలి. విదేశాల్లో ఉన్న భారత పౌరులు ఓటరుగా నమోదు కావచ్చని 2010లో చట్టం సవరించారు. పేరు నమోదవుతుంది గానీ, పోలింగ్ రోజున ఊరికి వచ్చి వేలిమీద సిరా వేయించుకోవాలి. జీతం మూడు నెలలకోసారి వచ్చే మేస్త్రీ, సెలవు యజమాని దయ మీద ఆధారపడిన మేస్త్రీ, సౌదీలోని దమ్మామ్ నుంచి జగిత్యాలకు ఎన్నికల రోజున ఎలా వస్తాడు? అతను పంపే డబ్బు బ్యాంకుకు ఒక్క నిమిషంలో చేరుతోంది. అతని ఓటు అక్కడి నుంచే పడే ఏర్పాటు చెయ్యడానికి ఇంకెన్ని ఎన్నికలు కావాలి?